ఆన్‌లైన్ సర్వే: ప్రశ్న రాయడం నుంచి లెక్క తేల్చడం దాకా

గూగుల్ ఫారం తెరిచి, పది ప్రశ్నలు టైప్ చేసి, వాట్సాప్ గ్రూపులో పడేయడానికి అరగంట చాలు. అసలు కష్టం వారం తర్వాత మొదలవుతుంది. షీటు నిండా జవాబులుంటాయి, వాటితో ఏం తేల్చాలో అర్థం కాదు. ‘సర్వే సరిగ్గా ఎలా చేయాలి’ అని అడిగేవాళ్లలో ఎక్కువమంది అక్కడ ఇరుక్కున్నవాళ్లే. చిక్కు మాత్రం అక్కడ పుట్టలేదు, ప్రశ్నలు రాసే రోజునే పుట్టింది.

ఒక్క ఉదాహరణనే చివరిదాకా పట్టుకుందాం. హైదరాబాద్‌లో 240 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. నాలుగు బ్లాకులు, బ్లాకుకు 60 ఫ్లాట్లు. 150 ఫ్లాట్లలో ఓనర్లే ఉంటున్నారు, 90 అద్దెకిచ్చినవి. ఎండాకాలం బోర్లు అడుగంటితే ట్యాంకర్లే దిక్కు. ఆ ఖర్చు మెయింటెనెన్స్‌లో అందరికీ సమానంగా పడుతోంది. ఇద్దరుండే ఇల్లూ, ఆరుగురుండే ఇల్లూ ఒకటే కడుతున్నారు. ఫ్లాటు ఫ్లాటుకూ మీటర్ పెట్టి, వాడినదానికే కట్టించాలా అన్నది ప్రశ్న. అంకెలు లెక్క చూపడానికి నేను పెట్టుకున్నవి. గొడవ మాత్రం మీకు తెలిసిందే.

## 1. ముందు నిర్ణయం, తర్వాతే ప్రశ్న

ఫారం తెరవకండి. కాగితం తీసి ఒక్క వాక్యం రాయండి: ‘జవాబు ఇలా వస్తే ఇది చేస్తాం, అలా వస్తే అది చేస్తాం.’

మన ఉదాహరణలో: ‘ఓనర్లలో సగానికి పైగా మీటర్ల ఖర్చు పెట్టుకోడానికి ఒప్పుకుంటే కొటేషన్లు తెప్పిస్తాం. లేకపోతే ఈ ఏడాది ఆ ఊసెత్తం.’

ఆ వాక్యం కింద ఖాళీ పట్టిక గీయండి. అడ్డంగా ‘కడతాను, కట్టను, ఇంకా తేల్చుకోలేదు’. నిలువుగా ‘ఓనర్లు, అద్దెకున్నవాళ్లు’. సర్వే అయ్యాక నిండాల్సింది ఈ గళ్లే. ఇలాంటి పట్టికలు మూడో నాలుగో గీస్తే మీకు కావలసిన ప్రశ్నలు వాటంతటవే బయటపడతాయి. ఏ గడిలోనూ పడని ప్రశ్నను కొట్టేయండి. వయసు, ఉద్యోగం, చదువు అలవాటుగా అడిగేస్తుంటాం. మీటర్ల నిర్ణయానికి వాటితో పని లేదు. ఇంట్లో ఎంతమంది ఉంటారన్నది మాత్రం కావాలి.

కమిటీలో ఎవరో ఒకరు ‘ఎలాగూ అడుగుతున్నాం కదా, పార్కింగ్ సంగతి కూడా కలిపేద్దాం’ అంటారు. ఒప్పుకోకండి. నీళ్ల సర్వేలో పార్కింగ్ వచ్చిందంటే నీళ్ల జవాబుల్లో కూడా పార్కింగ్ కోపమే కనిపిస్తుంది.

## 2. అందరి జాబితా దగ్గర పెట్టుకోండి

సర్వే ఎవరి గురించో వాళ్లందరి జాబితా ముందే ఉండాలి. ఇక్కడ 240 ఫ్లాట్లు, ఏది ఓనర్‌ది, ఏది అద్దెది. ఇది లేకుండా ‘120 జవాబులొచ్చాయి’ అంటే చాలామంది చెప్పినట్టే ఉంటుంది. ఆ 120లో అద్దెవాళ్లు ఎందరో చూస్తేగానీ అసలు సంగతి తెలియదు.

ఇంకో మాట కూడా ఇక్కడే తేల్చాలి: మనిషికో జవాబా, ఇంటికో జవాబా? డబ్బు కట్టేది ఇంటి లెక్కన కాబట్టి ఇక్కడ ఫ్లాటుకు ఒకటే. అద్దె ఫ్లాట్లకు ఇంకో చిక్కుంది. మీటర్ పెట్టించాల్సింది ఊళ్లో లేని ఓనరు, నెలనెలా బిల్లు కట్టేది అద్దెకున్నవారు. ఇద్దరి లాభనష్టాలు వేరు. ఈ ఉదాహరణలో ఉంటున్నవాళ్లనే అడుగుతున్నాం. బయటుండే ఓనర్లకు విడిగా ఫోన్ చేయాలి.

## 3. ప్రశ్నల మాటలు

అన్నిటికంటే ఎక్కువ సమయం దీనికే ఇవ్వండి. నేను మొదటిసారి తయారుచేసిన ఫారంలో ఒక ప్రశ్న ఇలా ఉండేది: ‘నీళ్ల వృథా ఆపడానికి మీటర్లు పెట్టడం మంచిదే కదా?’ దాదాపు అందరూ అవునన్నారు. జనరల్ బాడీ మీటింగులో తలా ఇంత కట్టాలనగానే అవునన్నవాళ్లే లేచి నిలబడ్డారు. వాళ్లు మాట మార్చలేదు. నేనడిగింది మంచిదా కాదా అని. కడతారా అని అడగలేదు.

ఆ ఒక్క వాక్యంలో మూడు తప్పులున్నాయి. ‘కదా’ అంటే జవాబు మనమే అందించడం. తెలుగులో ‘కదా’, ‘గా’, ‘మంచిదే’లోని ఏకారం, ఇవి చిన్నవే గానీ మొహమాటస్తుల చేత అవుననిపిస్తాయి. ‘వృథా ఆపడానికి’ అని ముందే నీతి చెప్పాక కాదనేవాడెవడు? ఇక మూడోది, అందులో ఖర్చు మాటే లేదు.

దిద్దిన ప్రశ్న ఇదీ:

‘ఫ్లాటుకు నీటి మీటర్లు పెట్టాలంటే ఒకసారి సుమారు రూ. 6,000 అవుతుంది. ఆ తర్వాత నెలనెలా వాడిన నీళ్లకే బిల్లు వస్తుంది. ఇందుకు మీరు సిద్ధమేనా?’

‘సిద్ధమేనా’లో మళ్లీ ఆ ‘ఏ’ దూరింది చూశారా. చివరికి ఇలా మార్చాను: ‘దీనికి మీ జవాబు ఏమిటి?’ కింద మూడు ఎంపికలు: కడతాను, కట్టను, ఇంకా తేల్చుకోలేదు.

ఆ రూ. 6,000 కూడా గాల్లోంచి రాకూడదు. చాలా పాత అపార్ట్‌మెంట్లలో వంటింటికీ, ఒక్కో బాత్రూముకీ వేర్వేరు షాఫ్టుల్లో పైపులు దిగుతాయి. అలాంటి చోట ఫ్లాటుకు ఒక్క మీటర్ చాలదు, మూడో నాలుగో కావాలి. ప్లంబర్‌ని అడగకుండా జనాన్ని అడిగితే తప్పుడు ధరకు ఒప్పుకోలు తెచ్చుకున్నట్టే.

మళ్లీ మళ్లీ కనిపించే తప్పులు మరికొన్ని:

రెండు ప్రశ్నలు ఒకదాంట్లో. ‘నీళ్ల సరఫరా, ప్లంబింగ్ పనులు ఎలా ఉన్నాయి?’ నీళ్లు బాగా వస్తాయి, ప్లంబర్ మాత్రం రాడు. ఏం నొక్కాలి? ‘మరియు’గానీ కామాగానీ కనిపిస్తే ఆగి, రెండుగా విడగొట్టండి.

పలు అర్థాల మాట. ‘నీళ్లు బాగున్నాయా?’ అని రాస్తే మా పక్క ఫ్లాటు పెద్దావిడ ఫోన్ చేతిలో పట్టుకుని, ‘ఏం చెప్పను బాబూ, ఉప్పగా ఉంటాయి, కానీ వస్తున్నాయిగా’ అంది. రుచా, రంగా, ధారా, వేళా? ఏది కావాలో అదే అడగండి: ‘గత 7 రోజుల్లో ఎన్ని రోజులు కుళాయిలో నీళ్లు ఆగిపోయాయి?’

తరచుగా, అప్పుడప్పుడు, చాలా. ఒకరికి వారానికి రెండుసార్లంటే తరచుగా, ఇంకొకరికి అప్పుడప్పుడు. అంకె వేయండి, గడువు చెప్పండి. అలాగని ‘గత ఏడాదిలో ఎన్నిసార్లు’ అంటే ఎవరికీ గుర్తుండదు. వారమో నెలో చాలు.

వ్యతిరేకానికి వ్యతిరేకం. ‘మీటర్లు వద్దనే ప్రతిపాదనను మీరు వ్యతిరేకిస్తారా?’ దీనికి అవునంటే మీటర్లు కావాలనా, వద్దనా? కోర్టులో తప్ప ఇలా ఎవరూ అడగరు.

పుస్తక భాష. ‘మీ సంతృప్తి స్థాయిని తెలుపగలరు’ చూడగానే ప్రభుత్వ దరఖాస్తు గుర్తొస్తుంది. ఎదురుగా కూర్చున్న మనిషిని ఎలా అడుగుతారో అలా రాసి, గట్టిగా చదవండి. నాలుక తడబడితే మార్చాల్సిందే.

‘మీరు’ అంటే ఎవరు? తెలుగులో ‘మీరు’ మర్యాదకూ వస్తుంది, బహువచనానికీ వస్తుంది. ‘మీరు రోజుకు ఎన్నిసార్లు’ అంటే ఆ ఒక్కరా, ఇంటిల్లిపాదా? ‘మీ ఇంట్లో అందరూ కలిపి’ అనో, ‘మీరొక్కరే’ అనో విప్పి రాయండి.

## 4. జవాబుల ఎంపికలు

సాధారణంగా కనిపించే వరస: చాలా బాగుంది, బాగుంది, పర్వాలేదు, బాగోలేదు, అస్సలు బాగోలేదు. ఇందులో ‘పర్వాలేదు’ దగ్గర జాగ్రత్త. కొందరి నోట అది మెచ్చుకోలు, కొందరి నోట మర్యాదగా పెదవి విరుపు. దాన్ని నడిమి మెట్టుగా వాడితే అక్కడ ఎవరెవరు చేరారో మీకు తెలియదు. నేనైతే ‘బాగుందనీ చెప్పలేను, బాగోలేదనీ చెప్పలేను’ అని రాస్తాను. పొడుగే గానీ రెండో అర్థం రాదు.

1 నుంచి 5 వరకు అంకెల స్కేలు పెడితే రెండు చివర్లా మాటలు రాయండి. ఏ చివర మంచిదో రాయకపోతే, 1 అంటే ఫస్ట్ ర్యాంకు అనుకుని నొక్కేవాళ్లు తప్పకుండా ఉంటారు.

అంతరాలు ఒకదానిపై ఒకటి ఎక్కకూడదు. ‘2–4, 4–6’ అంటే ఇంట్లో నలుగురున్నవారు ఎటు పోవాలి? ‘1–2, 3–4, 5 లేదా అంతకు మించి’ అనండి. ‘తెలియదు’, ‘నాకు వర్తించదు’ అన్నవి విడివిడిగా ఉంచండి. ట్యాంకర్ బిల్లు ఎంతో తెలియనివాళ్లు, బిల్లే కట్టనివాళ్లు ఒకటి కాదు.

## 5. ఫారం కట్టడం

- జవాబుల్ని లెక్క వేయాలంటే ‘మల్టిపుల్ చాయిస్’ (ఒక్క జవాబే ఎంచుకునేది) ఎక్కువ వాడండి. ‘చెక్‌బాక్స్’ నిజంగా ఒకటికి మించి జవాబులున్నప్పుడే.
- బ్లాకును డ్రాప్‌డౌన్‌లో ఇవ్వండి. ఫ్లాట్ నంబర్‌కు రెస్పాన్స్ వాలిడేషన్‌లో (ఎలాంటి జవాబును ఒప్పుకోవాలో చెప్పే సెట్టింగు) 101 నుంచి 1006 మధ్య అంకె మాత్రమే పట్టేలా పెట్టండి. లేదంటే ‘బి-304’, ‘బి304’, ‘304 బి బ్లాక్’ అని ఒకే ఇల్లు మూడు వేషాల్లో వస్తుంది.
- ఓనర్లకూ అద్దెవాళ్లకూ ప్రశ్నలు వేరైతే, వాటిని వేర్వేరు సెక్షన్లలో పెట్టి, జవాబును బట్టి సెక్షన్‌కు వెళ్లే ఏర్పాటు చేయండి.
- ‘ఒక్కరికి ఒక్క జవాబు’ అన్న సెట్టింగు పెడితే గూగుల్‌లో లాగిన్ కావాలి. అక్కడే కొందరు జారిపోతారు. ఫ్లాట్ నంబర్ ఉంది కాబట్టి రెండుసార్లు వచ్చినవాటిని తర్వాత తీసేయొచ్చు.
- జవాబు పంపాక ఫలితాల సారాంశం కనిపించే ఆప్షన్ ఆపేయండి. అది చూసి మిగతావాళ్లు గాలివాటం పడతారు. వాట్సాప్ పోల్ ఇలాంటి పనికి పనికిరాకపోవడానికీ ఇదే కారణం. ఎవరు దేనికి ఓటేశారో అందులో పేర్లతో కనిపిస్తుంది.
- ‘తప్పనిసరి’ గుర్తు రెండు మూడు ప్రశ్నలకే. అన్నిటికీ పెడితే మనసులో లేని జవాబు నొక్కి బయటపడతారు.
- తెలుగు, ఇంగ్లిష్ రెండూ కావాలంటే ఒకే ఎంపికలో పక్కపక్కనే రాయండి. రెండు ఫారాలు చేస్తే రెండు షీట్లు కుట్టుకుంటూ కూర్చోవాలి.

ఫ్లాట్ నంబర్ అడుగుతూ ‘మీ వివరాలు గోప్యం, పేరు అడగం’ అనకండి. అపార్ట్‌మెంట్‌లో నంబర్ చెప్తే పేరు చెప్పినట్టే. ‘ఒకే ఇంటి నుంచి రెండు జవాబులు రాకుండా చూసుకోడానికి నంబర్ అడుగుతున్నాం. ఇద్దరు సభ్యులు మాత్రమే చూస్తారు. ఫలాన తేదీకి చెరిపేస్తాం’ అని ఉన్నదున్నట్టు రాయండి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం కూడా, వివరాలు ఎందుకు తీసుకుంటున్నారో చెప్పి ఒప్పుకోలు తీసుకోమంటుంది.

## 6. ఐదుగురితో ట్రయల్

గ్రూపులో పెట్టేముందు ఐదుగురి చేత మీ ఎదురుగా నింపించండి. ఒక పెద్దవారు, ఒక అద్దెకున్నవారు, కమిటీ అంటే పడనివారు ఒకరు ఉండాలి. మీరు నోరు మెదపకూడదు. వాళ్లు ఎక్కడ ఆగారో, ఎక్కడ పైకి స్క్రోల్ చేసి మళ్లీ చదివారో చూసి రాసుకోండి. ‘అంటే ఏంటి?’ అని అడిగిన ప్రతి చోటా తప్పు ప్రశ్నదే.

ఆ ఐదు జవాబులతోనే మొదట గీసిన ఖాళీ పట్టిక నింపి చూడండి. గళ్లు నిండకపోతే ఫారంలో ఏదో తక్కువైంది. పని అయ్యాక ఆ ట్రయల్ జవాబులు తీసేయడం మరిచిపోకండి.

## 7. పంపడం, గుర్తుచేయడం

మెసేజ్‌లో నాలుగే విషయాలు: ఎవరు అడుగుతున్నారు, జవాబులతో ఏం నిర్ణయిస్తారు, ఎంతసేపు పడుతుంది, ఆఖరి తేదీ. ఇలా:

‘నమస్కారం. నీటి మీటర్లు పెట్టాలా వద్దా అన్నది వచ్చే మీటింగులో తేల్చాలి. దానికి 8 ప్రశ్నలు, 3 నిమిషాలు. ఫ్లాటుకు ఒక్కరు నింపితే చాలు. ఆదివారం రాత్రి 9 వరకే. – కమిటీ’

లింకు గ్రూపులో పడ్డాక గుడ్ మార్నింగ్ ఫోటోల కింద మునిగిపోతుంది. మూడో రోజు, ఆరో రోజు మళ్లీ గుర్తుచేయండి. రెండోసారి గుర్తుచేసేటప్పుడు జాబితా తీసి, జవాబు రాని ఫ్లాట్లకు విడిగా మెసేజ్ పెట్టండి. ‘ఇప్పటికే చాలామంది మీటర్లకే ఓటేశారు’ లాంటి మాట ఎట్టి పరిస్థితిలోనూ వద్దు.

స్మార్ట్‌ఫోన్ వాడనివాళ్ల ఇంటికి ఒకరు వెళ్లి నింపిపెట్టాలి. మీటర్ల కోసం గట్టిగా వాదించే మనిషిని మాత్రం పంపకండి. ఎదురుగా నిలబడితే కాదనలేరు. ఇలా నింపినవాటికి ‘ఎవరు నింపారు’ అన్న ప్రశ్నలో ఆ సంగతి నమోదవ్వాలి.

## 8. షీటు శుభ్రం చేయడం

వచ్చిన షీటును ముట్టుకోకండి. కాపీ తీసి, దాని మీదే పని చేయండి. వరస ఇదీ:

1. ట్రయల్ జవాబులు తీసేయండి.
2. బ్లాకు, ఫ్లాట్ నంబర్ కలిపి ఒక కాలమ్ చేసి, రెండుసార్లు వచ్చినవి వెతకండి. ఏది ఉంచాలన్నది జవాబు చూడకముందే తేల్చుకోండి. నేను ఆఖర్న వచ్చినదే ఉంచుతాను. భార్యాభర్తలు ఒకరికి తెలియకుండా ఒకరు వేర్వేరుగా నింపిన ఇళ్లు బయటపడేది ఇక్కడే. నవ్వుకుని ఊరుకోండి, బయటికి చెప్పకండి.
3. స్కేలు ప్రశ్నలన్నిటికీ ఒకే అంకె నొక్కినవి గుర్తుపెట్టండి. వెంటనే తీసేయకండి. అవి ఉంచీ తీసీ రెండు విధాలా లెక్క చూడండి.
4. ఖాళీ గడిని ‘కట్టను’లోనో ‘తెలియదు’లోనో కలపకండి.
5. ఏం తీశారో, ఎందుకు తీశారో ఇంకో ట్యాబ్‌లో రాసిపెట్టండి. మీటింగులో మొదటి ప్రశ్న దాని మీదే వస్తుంది.

చెక్‌బాక్స్ జవాబులన్నీ ఒకే గడిలో కామాలతో వస్తాయి. కౌంట్‌ఇఫ్‌లో (షరతుకు సరిపడే గళ్లు ఎన్నో లెక్కించే షీటు ఫార్ములా) పదానికి ముందూ వెనకా నక్షత్రం గుర్తు (*) పెట్టి లెక్కించొచ్చు. కానీ ‘మోటార్’, ‘మోటార్ రిపేర్’ అని రెండు ఎంపికలుంటే మొదటిదాని లెక్కలో రెండోది కూడా కలిసిపోతుంది. ఎంపికలు రాసేటప్పుడే ఈ సంగతి గుర్తుంటే మేలు. ఎంపిక లోపల కామా కూడా వద్దు.

## 9. లెక్క తేల్చడం

120 జవాబులు వచ్చాయనుకుందాం. 66 మంది కడతామన్నారు, అంటే 55%. మీటింగులో ‘మెజారిటీ’ అని చప్పట్లు కొట్టేముందు మూడు పనులు చేయాలి.

విడగొట్టండి. పివట్ టేబుల్‌లో (జవాబుల్ని గుంపులుగా లెక్కించి పట్టిక చేసే షీటు సదుపాయం) నిలువు వరసకు ‘ఓనర్/అద్దె’, అడ్డానికి జవాబు పెట్టండి. జవాబిచ్చిన 96 మంది ఓనర్లలో 48 మంది కడతామన్నారు, సరిగ్గా 50%. 24 మంది అద్దెవాళ్లలో 18 మంది, 75%. మీటర్ పెట్టించే ఖర్చు తమది కాదు కాబట్టి వాళ్లు సులువుగా ఒప్పుకోవడంలో వింత లేదు. మొదట రాసుకున్న నిర్ణయం ఓనర్లలో సగానికి ‘పైగా’. 50% దాన్ని దాటలేదు. పైన మెరిసిన 55% ఈ ప్రశ్నకు జవాబే కాదు.

ఎవరు చెప్పలేదో చూడండి. ఓనర్లలో 150కి 96 వచ్చాయి, అంటే 64%. అద్దెవాళ్లలో 90కి 24 మాత్రమే, 27%. అపార్ట్‌మెంట్ మొత్తం మాట కావాలంటే అసలు నిష్పత్తిలో తూకం వేయాలి. ఓనర్లు 62.5%, అద్దెవాళ్లు 37.5%. 0.625ను 50తో, 0.375ను 75తో గుణించి కలిపితే 59% దాకా వస్తుంది. లెక్క సరైనదే. కానీ 24 మంది 90 మంది తరఫున మాట్లాడుతున్నారు. ఆ 24లో ఇద్దరు ముగ్గురు అటుఇటైనా అంకె కదులుతుంది.

టైమ్‌స్టాంప్‌తో (జవాబు ఎప్పుడు వచ్చిందో చెప్పే కాలమ్) ఇంకో పరీక్ష ఉంది. మొదటి రెండు రోజుల్లో వచ్చిన జవాబుల్ని, రెండోసారి గుర్తుచేశాక వచ్చినవాటితో పోల్చండి. ఆలస్యంగా ఇచ్చినవాళ్లలో ‘కట్టను’ బాగా ఎక్కువగా ఉంటే, అసలు ఇవ్వనివాళ్లు కూడా అటే మొగ్గుతారేమోనని అనుమానించాలి.

పొరపాటు హద్దు చూడండి. అంటే కొందరినే అడిగినందువల్ల వచ్చిన అంకె, అందరినీ అడిగితే వచ్చేదానికి ఎంత దూరంలో ఉండొచ్చో చెప్పే అంచనా. 240లో 120 మందిని చీటీలు తీసి ఎంచుకుని ఉంటే, 55%కి అటూ ఇటూ సుమారు 6.3 పాయింట్ల హద్దు ఉండేది. అంటే దాదాపు 49 నుంచి 61 వరకు. అప్పుడు కూడా మెజారిటీ అని గట్టిగా అనలేం. మనం చీటీలు తీయలేదు, ఇష్టమున్నవాళ్లు నింపారు. కాబట్టి అసలు అనుమానం ఆ హద్దుకంటే పెద్దదే. పెద్ద జనాభాలో 400 మందిని అడిగితే ±5 (అటూ ఇటూ 5 పాయింట్లు) అని వినే ఉంటారు. ఆ సూత్రం కూడా యాదృచ్ఛికంగా ఎంచుకున్నప్పుడే. లింకు నలుగురికీ పంచి, వచ్చినవాటికి ఆ ±5 తగిలించడం సర్వేల్లో నాకు అన్నిటికంటే చిరాకు తెప్పించే పని.

సగటు విషయంలో కూడా చిన్న జాగ్రత్త. స్కేలు మీద అందరూ 3 నొక్కినా సగటు 3. సగం మంది 1, సగం మంది 5 నొక్కినా సగటు 3. మొదటిది ఎవరికీ పట్టని విషయం, రెండోది కొట్లాట. అందుకే సగటు కాకుండా ఏ అంకెకు ఎందరో చూపండి.

## 10. మాటల్లో రాసిన జవాబులు

‘ఇంకేమైనా చెప్పాలా?’ కింద తెలుగు, ఇంగ్లిష్, ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు అన్నీ వస్తాయి. వెతికే ఆప్షన్‌తో ఇవి దొరకవు, కూర్చుని చదవాల్సిందే. మొదటి 30 చదివి, వచ్చిన విషయాలకు ఐదారు పేర్లు పెట్టండి: ‘లీకేజీ’, ‘ఖర్చు’, ‘కమిటీ మీద నమ్మకం’, ‘ట్యాంకర్ నీళ్ల నాణ్యత’. పక్క కాలమ్‌లో ప్రతి జవాబుకూ పేరు రాయండి. రెండు విషయాలుంటే రెండు పేర్లు. కొన్నింటిని వేరొకరి చేత కూడా పేర్లు పెట్టించి పోల్చండి. తేడాలు ఎక్కువైతే పేర్లు స్పష్టంగా లేవని అర్థం.

ఘాటుగా రాసిన ఒక్క జవాబు మనసులో తిష్ఠ వేస్తుంది. అలాంటివారు ఎందరో లెక్క పెట్టాకే దాని గురించి మాట్లాడండి.

## 11. ఫలితం చెప్పడం

ఒక పేజీ చాలు. పంపేముందు చూసుకోవలసినవి:

- ప్రతి శాతం పక్కనా ఎందరిలో ఎందరో ఉందా? (75% అని వదిలేయకుండా, 24లో 18)
- అడిగిన ప్రశ్న అక్షరం మారకుండా ఉందా?
- ఎన్ని ఫ్లాట్లు జవాబివ్వలేదో రాశారా?
- చెక్‌బాక్స్ ప్రశ్న కింద ‘ఒకటికి మించి ఎంచుకోవచ్చు కాబట్టి మొత్తం 100 దాటుతుంది’ అని ఉందా?
- ఐదుగురి కంటే తక్కువున్న గుంపును విడిగా చూపలేదు కదా? ‘డి బ్లాక్ పదో అంతస్తు అద్దెవాళ్లు’ అంటే అది ఎవరో లిఫ్టులో అందరికీ తెలుస్తుంది.
- గ్రాఫ్ గీత 0 నుంచే మొదలైందా?

మన ఉదాహరణలో రాయాల్సింది ఇంతే: ‘జవాబిచ్చిన 96 మంది ఓనర్లలో 48 మంది కడతామన్నారు. సగం దాటలేదు. 54 మంది ఓనర్లు జవాబివ్వలేదు. వాళ్లను విడిగా అడిగి వచ్చే మీటింగులో చెప్తాం. అప్పటిదాకా కొటేషన్లు తెప్పించడం లేదు.’

ఆ 54 మందిని అడగడం పూర్తయ్యాక, మాట ఇచ్చిన తేదీకి షీటులో ఫ్లాట్ నంబర్ల కాలమ్ చెరిపేయండి. అసలు షీటులోనే కాదు, మీ కాపీలో కూడా. గూగుల్ ఫారం జవాబుల్ని తన దగ్గర విడిగా దాచుకుంటుంది, షీటులో చెరిపితే అక్కడ చెరగదు. ఫారంలో ‘రెస్పాన్సెస్’ ట్యాబ్‌కు వెళ్లి వాటిని కూడా తీసేయండి.